అయిదు డాలర్ల పడవ

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గంలోని మిత్రుడు ఫోన్ చేసినప్పుడు బడి జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. "జ్ఞాపకాలు చాలా వచ్చాయిరా బాబూ. అందులో సగం ఇంటర్వెల్లో కొనుక్కున్న జీళ్ళ గురించే. నువ్వు ఓడల మీద తిరిగినవాడివి, చరిత్ర ఏదైనా రాయి" అన్నాడు. చరిత్ర అనేసరికి నాకే నవ్వొచ్చింది. సోషల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి. అయితే మన సోషల్ మాస్టారు పాఠం మధ్యలో పుస్తకం మూసి అడిగే ప్రశ్న ఒకటి ఇప్పటికీ గుర్తుంది. "కోట కట్టించిన రాజు పేరు అందరూ చెబుతారు. ఆ కోటకి కూలి లెక్క రాసినవాళ్ళెవరో ఎవరైనా చెప్పండ్రా" అనేవారు. ఎవరం చెప్పేవాళ్ళం కాదు. ఆయనకీ తెలియదని తర్వాత అర్థమైంది. ఆ ప్రశ్న పట్టుకునే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను.

కాకినాడలో చదువుకున్నవాళ్ళకి టగ్గు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. జగన్నాథపురం వంతెన మీద సైకిళ్ళు ఆపుకుని మనం చూసిన దృశ్యమే అది. ముందు పొగ కక్కుతూ ఒక చిన్న లాంచీ, దాని వెనక మోకు కట్టిన నావలు బారుగా, బాతు వెనక పిల్లల్లా. గోదావరి తెచ్చి పోసే ఒండ్రువల్ల మన తీరంలో లోతు తక్కువ. అందుకని పెద్ద ఓడలు హోప్ ఐలాండ్ చాటున, దూరంగా లంగరేసుకుని ఉండేవి. సరుకు నావల్లో కాలువ గుండా అక్కడికి వెళ్ళేది. 1997లో డీప్ వాటర్ పోర్టు మొదలయ్యాక ఓడలు నేరుగా గట్టుకే వచ్చి ఆనుతున్నాయి కానీ, పాత రేవులో ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. మా తాతయ్యకి అలాంటి నావలు రెండుండేవి. తాళ్ళరేవు వడ్రంగుల చేత కట్టించినవి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

నేను చెప్పబోయేది అమెరికా పడమటి తీరంలో టకోమా అనే ఊళ్ళో పుట్టిన ఒక టగ్గుల కంపెనీ కథ. సియాటిల్‌కి దక్షిణాన, ప్యూజెట్ సౌండ్ అనే పొడవాటి సముద్రపు పాయ ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. 1980లలో థర్డ్ ఇంజనీరుగా నేనెక్కిన ఓడ కలప దుంగలకోసం ఆ రేవుకి వెళ్ళింది. ఓడని గట్టుకి నెట్టడానికి తెల్లటి గది, ఆకుపచ్చ అంచులతో ఒక టగ్గు వచ్చింది. పెళ్ళికి ముస్తాబైనంత శుభ్రంగా ఉంది. మన రేవులో తుప్పూ తారూ కలిసిన లాంచీలు చూసి పెరిగినవాణ్ణి కనుక డెక్కు మీద నిలబడి అలాగే చూస్తుండిపోయాను. గట్టుమీద మోకులు పట్టుకునే ముసలాయన ఒకాయన, "ఆ కంపెనీని ఒక ఆడమనిషి అయిదు డాలర్ల తెడ్ల పడవతో పెట్టింది తెలుసా" అన్నాడు. రేవుల్లో చెప్పే కథల్లో పావువంతు నిజముంటే గొప్ప. విని నవ్వి ఊరుకున్నాను. పదవీ విరమణ తర్వాత మా అమ్మాయి దగ్గరికని వచ్చి అదే ఊళ్ళో స్థిరపడ్డాను. లైబ్రరీకి నడిచివెళ్ళేంత దూరంలో ఇల్లు. అప్పుడు తెలిసింది, ముసలాయన చెప్పింది చాలావరకు నిజమేనని.

ఆవిడ పేరు థియా. 1857లో నార్వేలోని ఈడ్స్‌బర్గ్‌లో పుట్టింది. ఆమె పెళ్ళాడిన మనిషి ఆండ్రియాస్ ఓలెసన్, పనితనమున్న వడ్రంగి. ముందు అతను అమెరికా వచ్చి మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో పని చూసుకున్నాడు, తర్వాత ఆమె వచ్చింది. నార్వే నుంచి వచ్చినవాళ్ళలో ఓలెసన్‌లు, ఓల్సన్‌లు లెక్కలేనంతమంది. ఈ తికమక పడలేక ఇంటిపేరు మార్చుకున్నారు. అలా ఆండ్రూ ఫాస్, థియా ఫాస్ అయ్యారు. ఫాస్ అంటే వాళ్ళ భాషలో జలపాతం. మన క్లాసులోనూ ఒకే పేరుతో నలుగురుంటే ఊరిపేరు కలిపి పిలిచేవాళ్ళం కదా, అదే బాధ.

మిన్నెసోటా చలికి తట్టుకోలేక ఆండ్రూ 1888లో పడమటికి వచ్చి టకోమా చేరాడు. మరుసటి ఏడు థియా పిల్లల్ని వెంటబెట్టుకుని రైల్లో వచ్చింది. అప్పటికి వాళ్ళ ఇల్లు నేలమీద లేదు. నీళ్ళలో కొట్టుకొచ్చిన దుంగలూ చెక్కలూ ఏరి, ఆండ్రూ తన చేత్తో కట్టిన తేలే ఇల్లు అది.

ఆ కాలంలో టకోమా ఎలాంటి ఊరో కొంచెం చెప్పాలి. 1873లో నార్తర్న్ పసిఫిక్ రైల్వే తన పడమటి చివరి స్టేషనుగా ఈ ఊరిని ఎంచుకుంది. దాంతో తూర్పు నుంచి గోధుమలు, చుట్టూ కొండల నుంచి కలప వచ్చి రేవులో పడేవి. వాటికోసం తెరచాప ఓడలు వచ్చి ఊరి ముందున్న కమెన్స్‌మెంట్ బే అనే అఖాతంలో వంతుకోసం కాచుకునేవి. వాషింగ్టన్‌కి రాష్ట్ర హోదా వచ్చింది కూడా ఆ 1889లోనే, నవంబరులో. అయితే ఆ బురద నేలలు ఎవరూ లేని చోట్లు కావు. తరతరాలుగా ప్యుయాలప్ తెగవాళ్ళవి. రైల్వేలూ మిల్లులూ వాళ్ళ భూమిని ముక్కలుగా లాగేసుకున్నాయి. ఆ తగవు 1990లో ఒప్పందం కుదిరేదాకా తేలలేదు. ఇంకో సంగతి. ఫాస్‌లు రావడానికి నాలుగేళ్ళ ముందు, 1885 నవంబరులో, ఊళ్ళో ఉన్న చైనావాళ్ళందరినీ వానలో నడిపించి ఊరి బయట రైలెక్కించి తరిమేశారు. వలస వచ్చినవాళ్ళందరికీ ఆ ఊరు ఒకేలా తలుపు తీయలేదు. టగ్గుల కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఈ మాట చెప్పరు. నాకు చెప్పకుండా ముందుకెళ్ళాలనిపించలేదు.

1889 వేసవిలో ఆండ్రూ ఒక ఇల్లు కట్టే పనిమీద ఊరొదిలి వెళ్ళాడు. థియా పిల్లలతో నీళ్ళమీది ఇంట్లో ఉంది. వేట కలిసిరాక విసిగిపోయిన జాలరి ఒకడు తన తెడ్ల పడవని అమ్మేస్తానంటే అయిదు డాలర్లకి కొంది. ఇంట్లో మిగిలిన రంగుతో దానికి తెల్ల రంగు వేసి, అంచుకి ఆకుపచ్చ దిద్ది, లాభానికి అమ్మింది. ఆ డబ్బుతో ఇంకో రెండు కొంది. వాటికీ అదే రంగు. తర్వాత అమ్మడం మానేసి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. భర్త నెలల తరబడి చెమటోడ్చి ఇంటికి తెచ్చిన దానికన్నా, ఈవిడ గుమ్మం ముందు కూర్చుని సంపాదించింది ఎక్కువుందని ఆ ఇంట్లో చెప్పుకునేవారట. లెక్కలు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు కనుక అంకెలు రాయను. నా మట్టుకు ముఖ్యం అమ్మిన లాభం కాదు, అమ్మడం ఆపేయడం. ఒకసారి అమ్మితే ఒకసారే డబ్బు. అద్దెకిస్తే రోజూ. వేటకి వెళ్ళేవాడికి, షికారుకి వెళ్ళేవాడికి, లంగరేసిన ఓడకి మనిషినో ఉత్తరాన్నో చేరవేసేవాడికి రోజూ పడవ కావాలి. బడిలో వ్యాపారం చదువుకోని ఆవిడకి ఈ సంగతి గుమ్మంలో కూర్చుంటే తెలిసింది.

ఆండ్రూ తిరిగొచ్చి ఇక వేరే పనికి వెళ్ళలేదు. కొత్త పడవలు చెయ్యడం మొదలుపెట్టాడు. కాలక్రమంలో తెడ్ల పడవలు సుమారు రెండు వందల దాకా అయ్యాయి. అన్నిటికీ తెలుపూ ఆకుపచ్చే. అర్ధరాత్రి తలుపు తట్టినా పడవ ఇస్తామన్నట్టు "ఎప్పుడూ సిద్ధం" అనే అర్థమొచ్చే రెండు మాటలు కంపెనీ నినాదంగా పెట్టుకున్నారు. ఆండ్రూ తమ్ముళ్ళూ వచ్చి చేరారు. ఇంజను పడవలు వచ్చాయి. ఓడలకి నీళ్ళూ కూరగాయలూ మనుషులూ చేరవేసే లాంచీ పని దొరికింది. దానివెనకే లాగుడు పని వచ్చింది.

ఇక్కడ ఒక ఇంజనీరు మాట వినండి. టగ్గు చూడ్డానికి చిన్నది. దాని పొట్టంతా ఇంజనే. సరుకు మోయదు, ప్రయాణికుల్ని ఎక్కించుకోదు. నీటిని వెనక్కి నెట్టే బలమే దాని సరుకు. టకోమా టగ్గులకి మొదట అన్నం పెట్టింది ఓడలు కాదు, కలప. కొండల్లో నరికిన దుంగల్ని నీళ్ళలో దొర్లించి, చుట్టూ గొలుసుతో బిగించిన దుంగల కంచె వేసి, ఎకరాలకొద్దీ విస్తీర్ణమున్న తెప్పలుగా కట్టేవాళ్ళు. దాన్ని మిల్లుదాకా లాగాలి. తెప్ప మనిషి నడకకన్నా నెమ్మదిగా కదులుతుంది. తొందరపడితే తెప్ప విడిపోయి దుంగలు సముద్రం పాలు. పైగా అక్కడ ఆటుపోట్ల తేడా పదకొండు పన్నెండు అడుగులు, మన కాకినాడలో నాలుగైదే. ఇరుకు సందుల్లో ఆ పోటు ఏటి ప్రవాహంలా పరుగెడుతుంది. ఎదురు పోటులో ఎంత ఇంజను ఉన్నా తెప్ప ఉన్నచోటే ఉంటుంది. అందుకని మంచి సరంగు అంటే గట్టిగా లాగేవాడు కాదు. ఎప్పుడు లాగకుండా ఒడ్డుచాటున ఆగాలో తెలిసినవాడు. మన కాలువ సరంగులూ అంతే. మొగ దగ్గర పోటుకోసం బీడీ వెలిగించుకుని ఆగేవాళ్ళు. అది బద్ధకమని మనం నవ్వుకునేవాళ్ళం.

ఈ పెరుగుదలంతా జరుగుతుంటే థియా ఎక్కడుంది? అదే ఇంట్లో. ఆ ఇల్లే ఆఫీసు, పనివాళ్ళ బస, భోజనశాల. అద్దె డబ్బు తీసుకునేది, పడవ తిరిగొచ్చిందో లేదో చూసేది, కళాసీలకి వండి పెట్టేది ఆవిడే. నార్వే నుంచి కొత్తగా దిగి ఇంగ్లీషు రానివాళ్ళకి ఆ వంటిల్లే మొదటి మజిలీ. ఆవిడ ఎప్పుడూ టగ్గు నడపలేదు. ఇది గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

నాకు కొంచెం దగ్గరి సంగతి ఒకటి మధ్యలో చెబుతాను. 1907 సెప్టెంబరులో ఇదే సముద్రపు పాయకి ఉత్తరాన ఉన్న బెల్లింగ్‌హామ్ ఊళ్ళో కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీల మీద వందలమంది మూక దాడిచేసింది. సుమారు రెండు వందలమంది మనవాళ్ళు రాత్రికి రాత్రి ఊరొదిలి పోయారు. అక్కడ మిల్లుల్లో దుంగలు కోసినవాళ్ళు వీళ్ళు. ఇక్కడ మిల్లులకి దుంగలు లాగినవాళ్ళు వాళ్ళు. థియా తెలివినీ కష్టాన్నీ నేనేమీ తగ్గించడం లేదు. కానీ అయిదు డాలర్లుంటే ఎవరైనా ఎదగొచ్చు అనే నీతికథలా ఈ కథని చెప్పేవాళ్ళతో మాత్రం ఏకీభవించలేను. ఆ అయిదు డాలర్లు ఆ సిక్కు కూలీ చేతిలో ఉంటే ఆ రేవులో పడవ కట్టేసుకోనిచ్చేవారా అన్నది నా అనుమానం.

థియా, ఆండ్రూలకి ఎదిగొచ్చిన కొడుకులు ముగ్గురు. ఆర్థర్, వెడెల్, హెన్రీ. పెద్దవాడు చిన్నప్పటినుంచీ పడవలమీదే పెరిగాడు. వెడెల్ లా చదివాడు. హెన్రీ స్టాన్‌ఫర్డ్‌కి వెళ్ళాడు. ముగ్గురూ వ్యాపారంలోకే వచ్చారు. 1920 ప్రాంతంలో సియాటిల్‌లో ఒక కంపెనీని కొని ఆర్థర్, వెడెల్ అక్కడికి మారారు. టకోమా హెన్రీ చూసుకున్నాడు. ఆయన రాష్ట్ర సెనేట్‌కి కూడా ఎన్నికయ్యాడు, నౌకాదళ రిజర్వులో రియర్ అడ్మిరల్ హోదాదాకా వెళ్ళాడు. కొత్త టగ్గు వచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్ళ పేర్లే పెట్టేవారు. ఆర్థర్ ఫాస్, హెన్రీ ఫాస్, ఐవర్ ఫాస్, జస్టీన్ ఫాస్... ఆ జాబితా చదివితే కుటుంబం రేషన్ కార్డు చదివినట్టుంటుంది. థియా 1927లో కన్నుమూసింది. భర్త ఇంకో పదేళ్ళు బతికాడు.

ఆవిడ పోయిన నాలుగేళ్ళకి అసలు చిక్కు మొదలైంది. నార్మన్ రైలీ రెయిన్ అనే రచయిత 1931 నుంచి సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో "టగ్‌బోట్ ఆనీ" కథలు రాశాడు. సియాటిల్, టకోమా పేర్లు కలిపి సెకోమా అనే ఊరు కల్పించాడు. అందులో ఆనీ లావుపాటి మనిషి, గొంతు పెద్దది, తానే టగ్గు నడుపుతుంది, మగవాళ్ళతో కలబడుతుంది. 1933లో మెర్విన్ లెరాయ్ దాన్ని సినిమా తీశాడు. మేరీ డ్రెస్లర్ ఆనీ. షూటింగు ఇక్కడే జరిగింది. సినిమాలో ఆనీ నడిపే టగ్గుగా కనిపించేది ఫాస్ కంపెనీ టగ్గే. జనం టక్కున ఆనీ అంటే థియాయే అనేసుకున్నారు. ఇప్పటికీ ఈ ఊళ్ళో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది ఆ మాటే చెబుతారు. వంటింట్లో కూర్చుని పద్దులు రాసి రెండు వందల పడవలు నడిపించిన మనిషి కథ జనానికి ఆనలేదు. చుక్కాని పట్టుకుని కేకలేస్తేనే గొప్పదనం. థియా పేరు నిలబడటానికి ఆ సినిమా సాయపడింది, ఆవిడ ఎవరో మరిచిపోవడానికీ అదే సాయపడింది.

ఆ సినిమా టగ్గుని మీరిప్పటికీ చూడొచ్చు. పేరు ఆర్థర్ ఫాస్. సియాటిల్‌లో లేక్ యూనియన్ ఒడ్డున కట్టేసి ఉంటుంది. థియా మొదటి పడవ కొన్న 1889లోనే పోర్ట్‌లాండ్‌లో చెక్కతో కట్టారు దాన్ని. అప్పటి పేరు వాలోవా. కొలంబియా నది మొగలో తెరచాప ఓడల్ని లాగింది. అలాస్కా బంగారపు వేటకాలంలో ఉత్తరాదికి వెళ్ళింది. 1929లో ఫాస్‌లు కొన్నారు. సినిమా అయ్యాక 1934లో ఆవిరి యంత్రం పీకి 700 గుర్రాల శక్తిగల డీజిల్ ఇంజను పెట్టారు. ఆ ఇంజనే ఇప్పటికీ అందులో ఉంది. దాన్ని చూడ్డానికి నేను నాలుగుసార్లు వెళ్ళాను. మా అమ్మాయి, "గుడికైనా ఇన్నిసార్లు వెళ్ళవు నాన్నా" అంటుంది. ఆరు సిలిండర్లు, మనిషెత్తుకి మించి. దానికి గేర్లు ఉండవు. టగ్గు వెనక్కి రావాలంటే ఇంజనునే ఆపి, గాలి పీడనంతో ఎదురు దిశలో తిప్పి మళ్ళీ స్టార్టు చెయ్యాలి. పైన సరంగు గంట కొడతాడు, కింద ఇంజనీరు ఆ గంటనిబట్టి ఆపుతాడు, తిప్పుతాడు. కింద ఉన్నవాడికి కిటికీలోంచి ఏమీ కనపడదు. ఓడకి ఆనుతున్నామో గోడకి గుద్దుకుంటున్నామో గంట చెబితేనే తెలియాలి. అక్కడి వాలంటీరు ఒకాయన నేను ఇంజనీర్నని తెలిసి పిడి మీద చెయ్యి వెయ్యనిచ్చాడు. కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

1941 డిసెంబరులో ఈ టగ్గు పసిఫిక్ మధ్యలో వేక్ దీవి దగ్గరుంది. హవాయి నుంచి బార్జీలు లాక్కెళ్ళి, తిరుగుప్రయాణం మొదలుపెట్టిన కొన్ని గంటలకే జపాన్ దాడి జరిగింది. దాడికి ముందు ఆ దీవి నుంచి బయటపడిన చివరి నౌక ఇదే. పెర్ల్ హార్బర్ వార్త రేడియోలో విన్నారు. తెలుపూ ఆకుపచ్చా ఆకాశం నుంచి ఎంత దూరానికైనా కనిపిస్తాయి. టగ్గులో ఉన్న రంగులన్నీ కలిపి బూడిదరంగు తయారుచేసి, నడుస్తున్న టగ్గుకే పూసుకుంటూ, రేడియో నోరు మూసుకుని, అడుగంటుతున్న డీజిలుతో హవాయి చేరారు. అదే కంపెనీకి చెందిన జస్టీన్ ఫాస్ వేక్ దగ్గరే చిక్కిపోయింది. దీవి డిసెంబరు 23న పడిపోయింది. ఆర్థర్ ఫాస్ యుద్ధమయ్యాక ఇంటికొచ్చి మళ్ళీ దుంగలు లాగి 1968లో విశ్రాంతి తీసుకుంది. 1989లో దాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు.

ఆ టగ్గు విశ్రాంతి తీసుకున్న మరుసటేడే, 1969లో, ఫాస్ కంపెనీ హవాయికి చెందిన డిల్లింగ్‌హామ్ కార్పొరేషన్ చేతికి వెళ్ళింది. కుటుంబం చేతిలో ఉన్నది ఎనభై ఏళ్ళు. 1987లో మళ్ళీ చేతులు మారింది. పేరూ రంగూ అలాగే ఉన్నాయి, పని పెరిగింది. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డీజ్ ఓడనుంచి చమురు ఒలికాక, ట్యాంకర్లకి కాపలాగా వెళ్ళడానికి 1993, 94లలో 8000 గుర్రాల శక్తి టగ్గులు రెండు కట్టించారు. వాటికీ ఫాస్ ఇంటిపేరే. ప్రపంచంలో మొదటి హైబ్రిడ్ టగ్గు 2009లో దిగింది ఈ కంపెనీనుంచే. కుటుంబం చెయ్యిదాటితే అంతా నాశనమవుతుందని మనవాళ్ళు అనుకుంటారు కానీ ఇక్కడ అలా జరగలేదు. అలాగని అందరూ అమ్ముకోవాలనీ లేదు. న్యూయార్కులో మెకాలిస్టర్ కంపెనీని 1864లో ఐర్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ మెకాలిస్టర్ మొదలుపెట్టాడు. తరతరాలుగా ఆ కుటుంబం చేతిలోనే నడిచింది. ఆయన దేంతో మొదలుపెట్టాడో తెలుసా? ఒకే ఒక్క తెరచాప నావతో. ఓడకీ గట్టుకీ మధ్య సరుకు మోసే నావ. అచ్చం మా తాతయ్య నావలాంటిదే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నావలు తాతయ్యవి. లైసెన్సులో పేరు ఆయనది. బజార్లో "నావల ఆయన" అంటే ఆయనే. ఆయనకి సంతకం చెయ్యడం వచ్చు, అంతే. లెక్కలు మా మామ్మ రాసేది. నాలుగో తరగతి చదివిందట. రాత్రి అన్నాలయ్యాక పీటమీద కూర్చుని, చిట్టా ఒళ్ళో పెట్టుకుని, ఏ నావ ఎన్ని తిరుగుళ్ళు తిరిగింది, టగ్గు బాడుగ ఎంత, కళాసీల కూలి ఎంత, ఎవడికి అడ్వాన్సు ఇచ్చాం, తారుకీ దూదికీ ఎంతైంది, ఓడ రాక నావలు ఖాళీగా ఉన్న రోజులెన్ని, అన్నీ రాసేది. ఇద్దరు కళాసీలు తగువుపడితే తాతయ్య దగ్గరికి వెళ్ళేవారు కాదు, వంటింటి గుమ్మంలోకి వచ్చేవారు. "అమ్మగారూ, పద్దు చూడండి" అనేవారు. ఇరవై ఏళ్ళకి పైబడిన చిట్టాలూ ఆవర్జాలూ అటకమీద ఉండేవి. తాతయ్య పోయాక నాన్న నావలు అమ్మేశారు. ఆ అమ్మకం గురించి నాకు బాధ లేదు. నాన్నకి ఆ పనిమీద మనసు లేదు.

మామ్మ నేను టెన్త్ పరీక్షలు రాసిన ఏడు పోయింది. ఇల్లు సున్నం వేయిస్తూ అటక ఖాళీ చెయ్యమన్నారు. ఆ చిట్టాలన్నీ రెండు గోనెసంచుల్లో కుక్కి, సైకిల్ క్యారేజీకి కట్టి, మెయిన్ రోడ్డులో పాత కాగితాల కొట్టుకి తీసుకెళ్ళి కిలోల లెక్కన అమ్మింది నేనే. కొట్టువాడు ఒక పుస్తకం తిరగేసి, "రాత ముత్యాల్లా ఉంది బాబూ, ఎవరిది?" అన్నాడు. "మా ఇంట్లోదే" అన్నాను. ఎవరిదని చెప్పలేదు. ఆ డబ్బుతో మనవాళ్ళు ముగ్గుర్ని తీసుకెళ్ళి మ్యాట్నీ చూపించాను. వాళ్ళిద్దరు ఈ సంచిక చదువుతారు. మూడోవాడు మనమధ్య లేడు.

టకోమాలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న కాలువకి పూర్వం సిటీ వాటర్‌వే అని పేరు. మిల్లుల మురికితో పాడైపోయి, ప్రభుత్వం విషపు ప్రదేశాల జాబితాలో చేర్చింది. ఏళ్ళ తరబడి శుభ్రం చేశారు. 1989లో, పడవ కొన్న నూరేళ్ళకి, దానికి థియా ఫాస్ వాటర్‌వే అని పేరు మార్చారు. ఆర్థర్, హెన్రీల పేర్లు టగ్గులకుంటే, తల్లి పేరు ఆ టగ్గులు తిరిగే నీటికి వచ్చింది. హెన్రీ పేరుమీద ఊళ్ళో ఒక హైస్కూలు కూడా ఉంది. కాలువ ఒడ్డున, 1900 ప్రాంతంలో గోధుమల కోసం కట్టిన చెక్క గోదాములో పడవల మ్యూజియం పెట్టారు. స్కూలు పిల్లలు అందులో చెక్క పడవలకి రంగు గీకడం నేర్చుకుంటుంటే చూశాను. గోడలకి పాత ఫొటోలు. పేరు తెలియని కళాసీలు, మోకుల చుట్టలు, తెడ్లు.

మన ఊరి నావల గురించి అలాంటి గది ఒక్కటీ లేదు. ఎన్ని నావలుండేవి, టగ్గు బాడుగ ఏ ఏడు ఎంత, ఏ ఓడలకి ఏ సరుకు వెళ్ళింది అన్నది కుటుంబాల కాగితాల్లోనే ఉంటుంది, ఉంటే. మన బడిలో చదివిన వాళ్ళలో నావల ఇళ్ళవాళ్ళు, సరంగుల పిల్లలు, రేవు గుమాస్తాల పిల్లలు చాలామందే ఉన్నారు. మీ అటకల మీద చిట్టాలు, నావల లైసెన్సులు, బాడుగ రసీదులు, రేవులో తీసిన ఫొటోలు ఉంటే సంఘం కార్యదర్శిగారికి ఒక మాట చెప్పండి. కాగితం ఇవ్వక్కర్లేదు, ఫోన్‌తో ఫొటో తీసి పంపినా చాలు. ఎవరి చేతిరాతో తెలిస్తే ఆ పేరు కూడా రాసి పంపండి. వచ్చే జనవరిలో నేను ఊళ్ళో ఉంటాను. ఇంటింటికీ వచ్చి చూడ్డానికి నాకు ఓపికుంది.

మా మామ్మ పేరు సీతాయమ్మ.